పరికి కంచలో జాడీలు

అటవీశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే. "సార్, మీరు పులిని చూసిండ్రా?"

చూశాను. రెండుసార్లు. రెండుసార్లూ అది నన్ను పట్టించుకోకుండా తన దారిన తాను పోయింది. పై అధికారులు కూడా నాతో అట్లాగే ఉండేవారు కనుక నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పులి గురించి నేను చెప్పగలిగింది ఇంతే. మీకు ఇంకా కావాలంటే వేరే విశ్రాంత ఉద్యోగిని చూసుకోండి. పులిని చూడనివాళ్లు ఇంకా బాగా చెబుతారు.

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం పొదలతో గడిచింది. పొదల అడవికి బంగళా ఉండదు, ఏనుగు ఉండదు, చూడటానికి మంత్రిగారు రారు. ముళ్లు ఉంటాయి, మేకలు ఉంటాయి, మేకల వెనకాల మనుషులుంటారు. మీలో చాలామందికి మొదటి పోస్టింగ్ అక్కడే పడుతుంది. ఏడవకండి. నేను నా బతుకులో చేసిన పెద్ద తప్పులు రెండూ అట్లాంటి ఒక పొదల జాగాలోనే చేశాను. అవి చెబితే మీకు శిక్షణలో చెప్పనిది కొంత తెలుస్తుంది.

కుర్చీ పట్టిన అడవి

మాది భువనగిరి. ఇంట్లో రెండు మగ్గాలు. ఉర్దూ వస్తే కొడుకు మగ్గం గుంతలో కూర్చోనక్కర లేదని నాయిన నన్ను ఉర్దూ బడికి పంపాడు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూయే. అప్పుడు మా శాఖను జంగ్లాత్ అనేవారు. అట్లా నేను జంగ్లాత్ కచేరీలో రాతకోతల పనికి కుదిరాను.

మొదటి ఏడాది నా పై అధికారి అయిన దరోగా ఒక పట్నపు మనిషి. మంచివాడే. చెడ్డవాడు కావడానికి కూడా కొంత ఓపిక కావాలి, అది ఆయనకు లేదు. గస్తీకి బయలుదేరితే ఆయన వెంట ఒక మడత కుర్చీ వచ్చేది. దాన్ని మోయడం నా ఉద్యోగ ధర్మాల్లో మొదటిది. ఏది అడవో ఏది కాదో తేల్చడానికి ఆయనకు ఆ కుర్చీయే కొలమానం. చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటే తల నుంచి బూట్ల దాకా నీడ పడాలి. పడితే జంగల్. పడకపోతే "కుచ్ నహీ". ఏమీ లేదని అర్థం.

రిజిస్టరులో "ఇక్కడ ఏమున్నది" అని ఒక ఖానా ఉండేది. దరోగా కుర్చీలోంచి చెప్పేవాడు, నేను నిలబడి రాసేవాణ్ణి.

భువనగిరి నుంచి దక్షిణంగా బండి మీద ఒక పూట ప్రయాణం చేస్తే ఒక ఊరు వస్తుంది. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి వాళ్ల మనుమలు ఫోన్ చేసి మా తాత పేరు ఎందుకు రాయలేదని తగాదా పెట్టుకుంటారు. ఆ ఊరికి ఆనుకుని ఒక రాతిగుట్ట, గుట్ట వెనకాల పరికి కంచ. కంచ అంటే కోస్తావాళ్లు చేను చుట్టూ వేసే దడి అనుకుంటారు. మా దిక్కు కంచ అంటే దున్నని నేల. రాళ్లు, పొదలు, గడ్డి ఉన్న మేత జాగా. ఈ కంచలో పరికి పొదలు ఎక్కువ. పరికి ముల్లు వెనక్కి వంగి ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు ఏమీ అనదు. బయటికి రాబోతేనే పట్టుకుంటుంది.

మేము వెళ్లింది ఎండాకాలం. దరోగా కంచ అంచున నిలబడి నాలుగు దిక్కులు చూశాడు. మనిషి కన్నా ఎత్తైన చెట్టు ఒక్కటి లేదు. కుర్చీ విప్పనే లేదు.

"లిఖో," అన్నాడు. "కుచ్ నహీ."

రాశాను. ఆయన బండి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను కుర్చీ భుజాన వేసుకుంటూ ఉంటే వెనకనుంచి ఎవరో పలకరించారు. మేకలు కాసే మనిషి, మల్లమ్మ. గొల్లల ఆడపడుచు. ముప్పై అయిదేళ్లుంటాయి. పెనిమిటి గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, వెట్టి చేయడానికి పోతే ఇరవై మేకలనూ ఆమె కాసేది.

"ఏం రాస్తున్నవ్ పిలగా?"

"ఈడ ఏమున్నదో రాస్తున్న."

"ఏమున్నదని రాసినవ్?"

"ఏం లేదని."

ఆమె నా ముఖం చూసింది. తరువాత మేకల దిక్కు చూసింది. ఒక మేక వెనక కాళ్ల మీద లేచి పరికి కొమ్మను వంచుకుని తింటోంది.

"ఏం లేదా? మల్ల గది ఏం తింటాంది? నీ కాయితం తింటాందా?"

నాకు నవ్వొచ్చింది. సర్కారు ఉద్యోగిని, ఉర్దూ వచ్చినవాణ్ణి, మేకలు కాసే ఆమెతో వాదం ఏమిటని వచ్చేశాను. నా మొదటి తప్పు అది. దాని ఖరీదు ఎంతో తెలియడానికి అయిదారేళ్లు పట్టింది.

పొదల్లో నీకేం పని

ఆ కంచ తన తాతలదని ఊరి దొర అనేవాడు. దానికి ఆయన దగ్గర కాగితం ఏమీ లేదు. మనుషులు ఉండేవారు కాబట్టి కాగితం అవసరం రాలేదు. వంటచెరుకుకు వచ్చిన ఆడవాళ్ల కొడవళ్లు దొర మనుషులు గుంజుకునేవారు. కలెకాయలు తెంపితే బుట్టలు తొక్కేవారు. మేకలు పోనిచ్చేవారు, ఎందుకంటే పండుగకు పబ్బానికి గడికి మేక కావాలి కదా.

తరువాత దొరల మీద సంగం లేచింది. నల్లగొండ తాలూకాలన్నీ అట్టుడికిపోయాయి. దొర గడికి తాళం వేసి పట్నం పోయాడు. కంచ ఊరందరిదీ అని సంగపోళ్లు చెప్పారు. ఆ ఏడు ఆడవాళ్లు బలుసాకు బుట్టలకు బుట్టలు తెంపుకున్నారట. అదే ఏడు రజాకార్లు వచ్చారు. మల్లమ్మ పెనిమిటిని ఇంకో ఇద్దరితో కలిపి పట్టుకుపోయారు. ఆ ఇద్దరు తిరిగి వచ్చారు. అతను రాలేదు. ఆ మాట ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు. ఇక ఆమెకు మిగిలినవి మేకలు. మేకలకు మిగిలింది ఆ కంచ.

ఆ రోజుల్లో పొదల్లో తిరిగే సర్కారు ఉద్యోగి గతి ఏమిటో మీకు తెలియాలి. అన్ని పక్షాలవాళ్లూ పొదల్లోనే ఉండేవారు. సంగం దళంవాళ్లు దాక్కోవడానికి, రజాకార్లు వాళ్లను వెతకడానికి, పోలీస్ యాక్షన్ అయ్యాక మిలిటరీవాళ్లు మిగిలినవాళ్లను వెతకడానికి. అందరూ నన్ను పట్టుకున్నారు, అందరూ ఒకటే అడిగారు. ఇక్కడ నీకేం పని? నేనూ ఒకటే జవాబు చెప్పాను. పొదలు లెక్కపెడుతున్నాను.

దళంలో ఒకాయన నా రిజిస్టరు తిరగేసి, "సర్కారుకు పొదలెందుకే? నిజం చెప్పు," అన్నాడు. రజాకారు జమేదారు ఇదే ప్రశ్న ఉర్దూలో అడిగాడు. మిలిటరీ సిపాయి హిందీలో అడిగాడు. చివరికి ముగ్గురూ నన్ను వదిలేశారు. ఆ కాలంలో ఈ మూడు పక్షాలకూ ఒప్పుదల కుదిరిన సంగతి నాకు తెలిసి ఒక్కటే, నాకు మతి సరిగా లేదని.

నేను తర్జుమా చేయని మాట

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. ఊరికి నాలుగు మైళ్లలో మిలిటరీ క్యాంపు పడింది. దొర కూడా వాళ్ల వెనకాలే వచ్చి గడి తాళం తీశాడు. ఎండాకాలం పోయి తొలకరి పడ్డ రోజులు.

క్యాంపు నుంచి మా కచేరీకి ఒక హుకుం వచ్చింది. దళాలు ముళ్లపొదల్లో దాక్కుంటున్నాయి కనుక ఊళ్లలో, ఊళ్ల చుట్టూ ఉన్న ఝాడీలన్నీ మూడు రోజుల్లో సాఫ్ చేయాలి అని. ఉర్దూలో ఝాడీ అంటే ముళ్లపొద. మా కచేరీలో ఇలాంటి జాగాలను ఝాడీ జంగల్ అనే పిలిచేవారు. ఆ హుకుం తెలుగులో రాసి ఊళ్లకు పంపమని నాకు అప్పజెప్పారు.

అక్కడ నా ఉర్దూ నన్ను ముంచింది. పొద అని రాయవచ్చు. కంప అని రాయవచ్చు. తుప్ప అని రాయవచ్చు. మా అవ్వకు కూడా తెలిసిన మాటలు. కానీ మా అవ్వకు తెలిసిన మాట సర్కారు కాగితంలో ఉంటే దానికి మర్యాద ఏముంటుంది? కనుక దర్జాగా ఉర్దూ మాటనే తెలుగు అక్షరాల్లో రాశాను. మా దిక్కు ఒత్తులు పలికే అలవాటు ఎవరికీ లేదు. రాసే అలవాటు నాకు లేదు.

"ఊరిలోను, ఊరి చుట్టునుగల జాడీలన్నియు మూడు దినములలో సాఫ్ చేయవలెను. జాడీలలో ఎవరును ఏమియు దాచరాదు."

ఇలా నాలుగు నకళ్లు రాసి నాలుగు ఊళ్లకు పంపాను. మూడు ఊళ్లలో పట్వారీలు ఉర్దూ చదివినవాళ్లు కనుక బతికిపోయారు. పరికి కంచ ఊళ్లో పట్వారీ గడబిడల్లో ఎక్కడికో పోయాడు. కాగితం మస్కూరి చేతికి పోయింది. ఊళ్లో చాటింపు వేసేవాడు అతనే. కాగితంలో ఉన్నది ఎవరితోనో చదివించుకుని, తన మాటలు కొన్ని కలిపి, డప్పు కొట్టి చాటాడు.

"ఊరోళ్లకు ఎరుక జేసేదేమనంగా! ఎవలింట్ల జాడీలున్నా మూడొద్దులల్ల సాప్ కావాలె! జాడీలల్ల ఏం దాచినా మిల్ట్రీ అచ్చి పలగ్గొడ్తది! ఇనలేదనకున్రీ!"

తొక్కులు, అంటే ఏడాదికి సరిపడా పచ్చళ్లు, పెట్టిన నెల. ఊళ్లో ప్రతి జాడీ మూతి దాకా నిండి ఉంది.

ఎట్లా నమ్మారని మీరు అడుగుతారు. ఆ నాలుగైదేళ్లలో వాళ్లు విన్న హుకుంలతో పోలిస్తే ఇది చాలా తెలివైన హుకుం. ఒకరు అన్నం పెట్టొద్దన్నారు, ఒకరు పెట్టమన్నారు. ఒకరు దీపం ఆర్పమన్నారు, ఒకరు వెలిగించమన్నారు. సంగపోళ్లు తూటాలు మామిడికాయ తొక్కులో దాస్తున్నారని సాయంత్రానికల్లా ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

చావడి ముందు వరుస

మూడో రోజు పొద్దున నేను ఆ ఊరు చేరుకునేసరికి చావడి ముందు జాడీలు వరుసగా నిలబడి ఉన్నాయి. కడిగి, బోర్లించి, ఆరబెట్టి, మళ్లీ నిలబెట్టిన జాడీలు. చిన్నవి ముందు, పెద్దవి వెనక, బడి పిల్లల ఫోటోలో మాదిరిగా. వెనక వరుసలో నడుమెత్తు జాడీలు పన్నెండు. అవి గడివి. మిలిటరీకి విశ్వాసం చూపించుకోవడానికి దొర అందరికన్నా ముందు తనవి ఖాళీ చేయించాడట. దొరసాని రెండు రోజుల నుంచి అన్నం ముట్టలేదని చెప్పారు.

 ఏం జరిగిందో ఒక్క చూపులో అర్థమైంది.

తెలివైన ఆడవాళ్లు తొక్కు కుండల్లోకి మార్చుకున్నారు. హుకుంలో కుండల మాట లేదు కదా. మల్లమ్మకు ఖాళీ కుండ లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న, మూతి అంచు విరిగిన జాడీ ఒక్కటే ఆమెకున్నది. అది ముందు వరుసలో చివరన ఉంది. ఆమె దాని పక్కనే కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"అచ్చినవా కొడుకా! ఏడాది తొక్కు పెంటమీద పోసి అచ్చిన. గట్క తిందామంటె నంజుకొనీకి ఉప్పురాయి తప్ప ఏం లేదు. మీ సర్కారుకు మా తొక్కుతోని గూడ పగనా?"

ఆమెను పక్కకు పిలిచాను. గొంతు తగ్గించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాఫ్ చేయమన్నది ఈ జాడీలను కాదు, పొదలను. తప్పు నాది. ఇప్పుడే మస్కూరితో మళ్లీ చాటింపు వేయించి, ఊరంతా గొడ్డళ్లు పట్టుకుని పోతే సాయంత్రానికి సగం కంచయినా కొట్టేయవచ్చు.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె ముఖంలో కోపం పోయి భయం వచ్చింది.

"కంచ కొడ్తరా?"

"హుకుం గదే."

"పరికి, బలుసు, గొట్టి అన్ని కొడ్తరా? మల్ల నా మేకలు ఏం తిని బత్కాలె? నేనేం తిని బత్కాలె?" చుట్టూ చూసి ఇంకా దగ్గరికి వచ్చింది. "నువ్వు నోర్మూసుకో కొడుకా. జాడీలంటె గివే. తొక్కు పోతె పోయింది. మల్ల ఏడాదికి పెట్టుకుంట. కంచ పెట్టుకొనీకి అస్తదా?"

ఈలోగా జీపు రానే వచ్చింది. ఒక హవల్దారు, ఇద్దరు సిపాయిలు. హవల్దారు ఎక్కడో ఉత్తరాది మనిషి. జాడీల వరుస చూసి ఆగిపోయాడు. ఇదేమిటని అడిగాడు.

"జాడీ సాబ్! సాప్!" అని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది.

ఆయనకు తల తిరిగినట్టుంది. నా దిక్కు తిరిగాడు. ఝాడీ సాఫ్ అయిందా లేదా అని అడిగాడు.

ఆ రోజుల్లో మిలిటరీ హుకుంను తప్పుగా రాసినవాణ్ణి సంగపోడు అనడానికి ఒక్క క్షణం పట్టదు. పక్క ఊరి బడిపంతులు ఇంతకన్నా చిన్న అనుమానం మీద క్యాంపులో వారం ఉండి వచ్చాడు. వచ్చిన తరువాత చాలా రోజులు కూర్చుని పాఠం చెప్పలేకపోయాడు. నేను మల్లమ్మ కోసమే అబద్ధం ఆడానని చెప్పుకుంటే మీరు మెచ్చుకుంటారు. కానీ అందులో సగం నా చర్మం కోసం.

"హువా సాబ్," అన్నాను.

ఆయన గుట్ట దిక్కు చూశాడు. కంచ గుట్ట వెనక. ఎక్కి దిగితే గాని కనపడదు. మబ్బు విడిచి ఎండ కాస్తోంది. అప్పుడే గడి నుంచి మనిషి వచ్చి కోడికూర తయారుగా ఉందని చెప్పాడు. దేశ రక్షణకూ కోడికూరకూ మధ్య హవల్దారు ఎక్కువసేపు ఆలోచించలేదు. కాగితం రాసి గడికి తెమ్మన్నాడు.

చావడి అరుగు మీద కూర్చుని తెలుగులో రాశాను. "ఈ గ్రామములోని జాడీలన్నియు సాఫ్ చేయబడినవి." కింద నా సంతకం. సాక్షిగా దొర సంతకం. ఆయన తన పన్నెండు జాడీలను తలచుకుంటూ చేశాడు. హవల్దారు తెలుగు చదవలేడు కనుక నేను ఉర్దూలో చదివి వినిపించాను. చదివేటప్పుడు మాత్రం ఒత్తు బాగా పలికాను.

సాక్షి దగ్గర కూడా ఒకటి ఉండాలని రెండు ప్రతులు రాశాను. ఒకటి క్యాంపుకు పోయింది. ఒకటి గడిలో ఉండిపోయింది. నా రెండో తప్పు అది.

ఏమీ లేని చోట ఏం నరికారు

మరుసటి ఏటికి క్యాంపు వేరే తాలూకాకు పోయింది. దొర గుమాస్తా పాత కాగితాలు సర్దుతూ ఆ ప్రతిని మళ్లీ చదివాడు. ఉర్దూ వచ్చినవాడు కనుక దానికి రెండో అర్థం ఉందని వాడికి తట్టింది. నెల తిరగక ముందే పట్టా కోసం దరఖాస్తు వెళ్లింది. పరికి కంచ మా తాతల భూమి. పొదలు కొట్టించి చదును చేయించాము. సాగుకు పట్టా ఇప్పించగలరు.

దరఖాస్తుకు రెండు కాగితాలు జత చేశారు. ఒకటి జంగ్లాత్ రిజిస్టరు నకలు, కింద గుమాస్తా రాసిన తెలుగు అర్థంతో సహా. "ఇక్కడ ఏమున్నది" అన్న ఖానాలో "కుచ్ నహీ". అడవి కాదని సర్కారే రాసిందన్నమాట. రెండోది జాడీల కాగితం. రెండూ నా రాతే. మల్లమ్మ మేకల మెడ మీద కత్తి దొర పెట్టాడు గాని దాన్ని నూరి ఇచ్చింది నేను.

విచారణకు వచ్చిన తాసిల్దారు కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాడు. పోలీస్ యాక్షన్ తరువాత అట్లా చాలామంది వచ్చారు. ఆయనకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. మా తెలుగు వింటే పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవాడు. నేను "గా గుట్ట ఎన్కాల" అంటే, "ఆ గుట్ట వెనకాల అనండి," అని దిద్దేవాడు. ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ మనిషికి ఉర్దూ రాకపోవడం వల్లే ఒక ఊరు బాగుపడింది.

స్థలం చూడాలని గుట్ట ఎక్కించి అవతలికి దించాము. దొర, గుమాస్తా, నేను, మాతోపాటు ఊరివాళ్లు పాతికమంది. వాళ్లలో మల్లమ్మ. ఆమె చంకలో ఆ మూతి విరిగిన జాడీ. ఎందుకు తెచ్చిందో నాకు అర్థం కాలేదు.

తాసిల్దారు కంచలో పది అడుగులు వేశాడు. వెనక్కి తిరగబోయాడు. పరికి ముల్లు పంట్లాం పట్టుకుంది. ఒక పక్క విడిపించుకుంటే ఇంకో పక్క పట్టుకుంది. అట్లా నిలబడే కాగితాలు అడిగి తీసుకుని చదివాడు.

"ఏవండీ, ఇదేమిటి? 'జాడీలన్నియు సాఫ్ చేయబడినవి.' జాడీలు కడిగితే భూమి పట్టా ఎందుకివ్వాలండీ?"

దొర నవ్వాడు. "తాసిల్దార్ సాబ్, మీకు ఉర్దూ రాదు గద. ఝాడీ అంటే పొద."

"అలాగా? అయితే పొదలన్నీ కొట్టేశారు?"

"కొట్టించినం."

"మరి నా పంట్లాం పట్టుకున్నదేమిటండీ?"

ఊరివాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. దొర ముఖం ఎర్రబడింది. తాసిల్దారు ఇంకో కాగితం తీశాడు.

"ఇక్కడేమో ఏమీ లేదని రాసి ఉంది. అంటే ఏమీ లేని చోట పొదలు నరికారు, నరికాక ఇన్ని మొలిచాయి. అంతేనా?" అని నా దిక్కు తిరిగాడు. "రెండూ మీరే రాశారు. మీరు చెప్పండి. ఇందులో రాసింది ఏ జాడీ?"

అందరూ నన్నే చూస్తున్నారు. పొదలు అంటే దొర బతుకుతాడు. అప్పుడు కొట్టాము, మళ్లీ పెరిగాయి అని గుమాస్తా సర్దుకోగలడు. పట్టా అయిపోతుంది. జాడీలు అంటే నేను మిలిటరీకి దొంగకాగితం రాసిచ్చినట్టు నలుగురి ముందు ఒప్పుకున్నట్టు. అప్పటికి మగ్గాలకు నూలు దొరకడం లేదు. ఇంట్లో అయిదుగురు నా ఉద్యోగం మీద బతుకుతున్నారు. 

మల్లమ్మ ముందుకు వచ్చింది. చంకలోని జాడీ తీసి నా కాళ్ల ముందు పెట్టింది.  లోపల ఖాళీ. ఏడాది కింద కడిగింది కడిగినట్టే ఉంది. ఆ ఏడు మామిడికాయ కొనుక్కోలేకపోయిందని తరువాత తెలిసింది.

"తొక్కు జాడీలండి," అన్నాను. "పొదలు ఎవరూ కొట్టలేదు. హుకుం తర్జుమా చేసేటప్పుడు నేను తప్పు రాసిన. ఆ తరువాత భయపడి దాచిన. గడి జాడీలు గూడ పన్నెండు అందులో ఉన్నయి. దొరగారు ముందు నిలబడి కడిగించిండ్రు."

తాసిల్దారు దొర దిక్కు తిరిగాడు. "మీరు సాక్షి సంతకం చేశారు. మీరు చూసింది కడిగిన జాడీలా, నరికిన పొదలా? పొదలైతే మీరు మిలిటరీకి అబద్ధపు సాక్ష్యం ఇచ్చారని నేను రాయాల్సి ఉంటుంది. ఆలోచించుకుని చెప్పండి."

 పది ఊళ్లను గడగడలాడించిన మనిషి నేల చూపులు చూశాడు.

"జాడీలే," అన్నాడు.

"గట్టిగా చెప్పండి. రాసుకోవాలి."

"తొక్కు జాడీలు!" అని అరిచి వెళ్లిపోయాడు.

ఖానా చాలలేదు

నా మీద చర్య తప్పలేదు. దొంగకాగితం రాసినందుకు శిక్షగా నన్ను అమ్రాబాద్ నల్లమల అడవికి బదిలీ చేశారు. మీరంతా సిఫారసులు పట్టుకుని తిరిగే ఆ పులుల అడవికే. అక్కడ దరోగా కుర్చీ ఎక్కడ వేసినా నీడే. పులి నన్ను పట్టించుకోకుండా పోయింది అక్కడే.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో నేను నేర్చింది కొంచెమే. చెట్టు పేరు పుస్తకంలో చూడకండి, దాన్ని తినే మేక వెనక ఉన్న మనిషిని అడగండి. మీ అవ్వకు అర్థం కాని మాట కాగితం మీద పెట్టకండి. ఏమీ లేదని రాయడం అన్నిటికన్నా సులువు, అందుకే అందరూ అదే రాస్తారు. ఆ రాతను నమ్ముకుని ఎవడో ఒకడు ట్రాక్టరు తెస్తాడు. నేను ఒకసారి బయటపడ్డాను. అది నా తెలివి కాదు.

ఆ రోజు కంచ విడిచేముందు జరిగింది ఒకటి చెప్పాలి. తాసిల్దారు పంట్లాం విడిపించుకుని, విచారణకు తెప్పించిన జంగ్లాత్ రిజిస్టరు నా చేతికి ఇచ్చాడు. "ఇక్కడ ఏమున్నది" అన్న ఖానాలో నేను రాసిన రెండు మాటలూ కొట్టేయమన్నాడు.

"ఉన్నది రాయండి. తెలుగులో."

నాకు పరికి తెలుసు. ఆ తరువాత ఏమిటో తెలియలేదు. ఆరేళ్లు పొదలు లెక్కపెట్టినవాణ్ణి, సగం వాటికి పేర్లు తెలియక తెల్లముఖం వేశాను. సిగ్గేసింది. కలం పట్టుకుని మల్లమ్మ ముందు కూర్చున్నాను. ఆమె నిలబడి ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ చెప్పింది. నేను కూర్చుని రాశాను. పరికి, బలుసు, కలె, రేణి, తంగేడు, బందారు, వావిలి, ఊడుగ. ఖానా చాలలేదు. పక్క ఖానాలోకి పోయాను. అదీ చాలక అంచున నిలువుగా రాశాను. తాసిల్దారు కింద సంతకం పెట్టాడు.

సిరా ఆరిన తరువాత ఆమె తన జాడీ చంకన పెట్టుకుంది.

"ఏం రాసినవ్ సదువు, ఇంట."

మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె తల ఊపుతూ వింది. 

"గొట్టి మర్చినవ్ కొడుకా," అంది. "రాయి."